గుట్ట దిగివచ్చే భరిణె

కొండమీది దైవాలనగానే మనకు బదరీ, కేదారం గుర్తొస్తాయి. ఆ గఢ్వాల్ కొండల్లోనే పన్నెండేళ్ళకోసారి నందాదేవి యాత్ర ఒకటుంది. నందను పుట్టింటి ఊళ్ళ నుంచి శివుడుండే మంచుకొండకు, అంటే అత్తింటికి సాగనంపుతారు. కన్నకూతుర్ని పంపుతున్నట్టే ఆడవాళ్ళు పాటలు పాడి ఏడుస్తారు. దేవతకైనా అత్తింటి ప్రయాణం తప్పలేదన్నమాట!

మన చిలకలగుట్టకు అంత ఎత్తు లేదు. జనగామ, వరంగల్లు, ములుగు దాటి తాడ్వాయి అడవిలోకి వెళ్తే మేడారం. 2016లో భూపాలపల్లి జిల్లాలో కలిపారు, 2019 నుంచి ములుగు జిల్లా. రెండేళ్ళకోసారి మాఘమాసంలో నాలుగురోజుల జాతర. కన్నెపల్లి నుంచి కూతురు సారలమ్మ వస్తుంది, మర్నాడు చిలకలగుట్ట దిగి సమ్మక్క వస్తుంది. భర్త పగిడిద్దరాజును మహబూబాబాద్ జిల్లా పూనుగొండ్ల నుంచి కోయ పూజారులు అడవిదారిన నడిచి తీసుకొస్తారు. ఇక్కడ ఊరు దాటి రావలసింది మగడు. ఆమె తన గుట్ట నుంచి వస్తుంది, తన గుట్టకే పోతుంది.

కథ మనందరికీ తెలిసిందే. కరువుకాలంలో కప్పం కట్టలేమన్నందుకు ప్రతాపరుద్రుడు సైన్యాన్ని పంపాడు. భర్త, కూతుళ్ళు, అల్లుడు నేలకొరిగారు. కొడుకు జంపన్న వాగులో దూకాడు. వెనకనుంచి పొడిచిన బల్లెం గాయంతో సమ్మక్క గుట్టెక్కి మాయమైంది. వెతుక్కుంటూ వెళ్ళినవాళ్ళకు పుట్ట దగ్గర కుంకుమ భరిణె దొరికింది. విగ్రహం లేదు, ఆ భరిణే ఆమె.

నన్ను చాలాకాలం ఇబ్బందిపెట్టింది ఈ భరిణే. కత్తి పట్టినామె గుర్తుగా కత్తి ఎందుకు మిగల్లేదు? యోధురాలిని ముత్తయిదువను చేసి పసుపుకుంకుమల్లో సర్దేశారా? కానీ కథను మళ్ళీ చూడండి. భరిణె దొరికేసరికి పగిడిద్దరాజు చనిపోయి ఉన్నాడు. మన ఇళ్ళలోనైతే ఆమె నుదుట బొట్టు చెరిపేసేవాళ్ళు. కోయవాళ్ళు ఆమెను కుంకుమగానే నిలుపుకున్నారు.

ఈ కథలో శత్రువైన ప్రతాపరుద్రుడు ఎవరు? రుద్రమదేవి కూతురు ముమ్మడమ్మ కొడుకు. ఓ స్త్రీ నిలబెట్టిన సింహాసనం మీద, తల్లి వైపు నుంచి కూర్చున్నవాడు. ఆ రుద్రమ రాజ్యమేలినప్పటి శాసనాల్లో చాలాచోట్ల కనిపించేది 'రుద్రదేవ మహారాజు'. ఏలాలంటే రాతిమీద మగపేరు కావలసివచ్చింది! సమ్మక్కకు శాసనం చెక్కించే అధికారం లేదు. డోలి కోయల పాటలోనూ, పడిగె గుడ్డమీది బొమ్మల్లోనూ ఆమె ఆడదానిగానే, అమ్మగానే ఉండిపోయింది.

1996లో ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగగా గుర్తించింది. ఇప్పుడు భరిణెతో పూజారి గుట్ట దిగుతుంటే పోలీసు అధికారి గాలిలోకి తుపాకీ పేల్చి వందనం చేస్తాడు. 1981లో ఇంద్రవెల్లిలో గోండుల మీద పేలిన తుపాకులు గుర్తున్నవాళ్ళకు ఆ చప్పుడు మరోలా వినిపిస్తుంది.

ఆ చప్పుడుకు దారికిరువైపులా జనం ఒక్కసారిగా కదులుతారు. జుట్టు విరబోసుకుని, ముఖాన పసుపు, నుదుట రూపాయంత బొట్టుతో శివసత్తులు ఊగిపోతుంటారు. వాళ్ళలో ఎవరికి మొగుడున్నాడో ఎవరికి లేడో అక్కడెవరూ అడగరు.