షెడ్యూల్డు ప్రాంతాలలో గ్రామసభ అధికారాలు

రాజ్యాంగంలోని ఐదవ షెడ్యూలు పరిధిలోని ప్రాంతాలకు పంచాయతీరాజ్ వ్యవస్థను విస్తరింపజేస్తూ పార్లమెంటు 1996లో చేసిన చట్టమే 'పెసా'. దిలీప్ సింగ్ భూరియా కమిటీ సిఫారసులు దీనికి మూలం.

ఈ చట్టం దృష్టిలో గ్రామమనగా రెవెన్యూ గ్రామం కాదు. తన ఆచారాల మేరకు వ్యవహారాలు నడుపుకొనే ఒక ఆవాసం లేదా కొన్ని ఆవాసాల సముదాయం. ఏజెన్సీలో గూడేలు కొండలమీద విసిరివేసినట్లు ఉన్నందున ఈ నిర్వచనం కీలకమైనది. పంచాయతీ కేంద్రం వరకు నడిచి రాలేని వారి మాట అక్కడి తీర్మానంలోకి ఎక్కదు.

ఆంధ్రప్రదేశ్ 1998లోనే తన పంచాయతీరాజ్ చట్టాన్ని సవరించినప్పటికీ, నియమావళి 2011 మార్చిలో గాని వెలువడలేదు. ఆ జాప్యం స్వల్పమైనది కాదు.

పథకాలను ఆమోదించుట, లబ్ధిదారులను గుర్తించుట, నిధుల వినియోగాన్ని ధ్రువీకరించుట గ్రామసభ విధులు. భూసేకరణకు ముందు గ్రామసభను లేదా తగిన స్థాయి పంచాయతీని సంప్రదించవలెనని కేంద్ర చట్టం పేర్కొనగా, రాష్ట్ర సవరణ ఆ పాత్రను మండల పరిషత్తుకు అప్పగించినది. అయితే సంప్రదింపు వేరు, సమ్మతి వేరు. 2014 జనవరి 1న అమలులోకి వచ్చిన భూసేకరణ చట్టం 41వ సెక్షను షెడ్యూల్డు ప్రాంతాలలో ముందస్తు సమ్మతిని తప్పనిసరి చేసినది.

సమ్మతి నిరాకరణకు ఒడిశాలోని నియమగిరి ప్రసిద్ధ ఉదాహరణ. సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న ఇచ్చిన తీర్పు మేరకు, అటవీ హక్కుల చట్టం ప్రాతిపదికగా రాయగడ, కలహండి జిల్లాలలోని 12 పల్లెలలో గ్రామసభలు జరిగినవి. పన్నెండూ బాక్సైటు తవ్వకాన్ని తిరస్కరించినవి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ అటవీ అనుమతిని నిరాకరించినది.