ఆలుమగల నుంచి ‘కజిన్’ దాకా: తెలుగు బంధువాచకాల్లో ఆదాన పదాలు

బంధువాచకాలు మౌలిక పదజాలానికి చెందినవి కనుక అన్యభాషా పదాలకు సులభంగా చోటివ్వవని స్థూలాభిప్రాయం. ఉరాలిక్ భాషల చరిత్ర ఇందుకు భిన్నమైన సాక్ష్యం చూపుతుంది. ఫిన్నిష్‌లో తల్లిని తెలిపే ‘ఐతి’ జర్మానిక్ భాషల నుంచి వచ్చింది. సోదరి, కుమార్తె అనే అర్థాల మాటలు బాల్టిక్ నుంచి చేరాయి. తల్లికి ఉన్న దేశిపదం ‘ఎమొ’ నేడు ప్రధానంగా జంతువుల తల్లికి పరిమితమైంది. తండ్రి, అల్లుడు, కోడలు అనే అర్థాల పదాలు మాత్రం దేశ్యాలే. అంటే ఆదాన పదం ఖాళీని పూరించడానికే రాదు. ఉన్న పదం స్థాయిని మార్చగలదు. 1856లో కాల్డ్వెల్ ద్రావిడ భాషలకు ఈ కుటుంబంతో చుట్టరికం ఊహించాడు. ఆ వాదం నిలవలేదు. ఇక్కడ పోలుస్తున్నది ఆదాన ప్రక్రియను మాత్రమే.

తెలుగులో ఆలు, మగడు దేశ్యాలు. సంస్కృతం నుంచి భార్య, భర్త గ్రంథభాషలోనూ మర్యాద వ్యవహారంలోనూ స్థిరపడ్డాయి. ‘ఆలు’ విడిపదంగా వాడుకలో దాదాపు కనుమరుగై, ‘ఆలుమగలు’, ‘ఇల్లాలు’ వంటి రూపాల్లో మిగిలింది. పెళ్ళాం, మొగుడు ఇంటి మాటలుగా బతికి ఉన్నా సభామర్యాదకు దూరమయ్యాయి. ‘సవతి’ సంస్కృత ‘సపత్ని’ నుంచి ప్రాకృతం మీదుగా వచ్చిన తద్భవం.

అయితే అత్త, వదిన, మరదలు, కోడలు, అల్లుడు వంటి పదాలను సంస్కృతం కదిలించలేకపోయింది. స్నుష, శ్యాలకుడు గ్రంథాలు దాటి ఇళ్ళలోకి రాలేదు. కారణం వివాహవ్యవస్థలో ఉంది. థామస్ ట్రాట్‌మన్ ‘ద్రవిడియన్ కిన్‌షిప్’ (1981)లో చర్చించినట్లు, మేనరికం ఈ పదవర్గీకరణకు మూలం. మేనమామ కూతురు వయసులో చిన్నదైతే మరదలు, వరసైనది. పినతండ్రి కూతురు చెల్లెలు, వరస కానిది.

నేడు విజయవాడ పటమట వంటి పట్టణ ప్రాంతాల సంభాషణలో రెండు ఆంగ్ల పదాల నడక వేరువేరు. ‘ఆంటీ’ ఎక్కువగా చుట్టరికం లేని స్త్రీలకు పిలుపు; అత్తయ్య, పిన్ని ఇళ్ళలో నిలిచే ఉన్నాయి. ‘కజిన్’ మాత్రం మరదలిని, చెల్లెలిని ఒకే గాటన కడుతుంది. మేనరికాలు తగ్గుతున్నకొద్దీ ఆ భేదం పాటించే అవసరమూ సన్నగిల్లుతోంది. సంస్కృత పదాలు దేశ్యాల స్థాయిని మార్చాయి. ‘కజిన్’ వర్గీకరణనే మార్చగలదు.

కనుక క్షేత్రపరిశోధన పదాల జాబితాతో ఆగరాదు. ఏ పదాన్ని ఎవరు, ఎవరి గురించి, ఎవరి ఎదుట వాడుతున్నారో నమోదు చేయాలి. మేనరికం తెలిసిన తరమూ ‘కజిన్’ అనే తరమూ ఒకే ఇంట ఉన్న ఈ కాలమే అందుకు అనువైనది.