కాలి కింద కొట్టుకునే బ్రేకు - దాని పూర్వాపరాలు

బ్రేకు తొక్కగానే పెడలు నాడిలాగా కొట్టుకోవడం, దానితోపాటు స్టీరింగు వణకడం మన సంఘ సభ్యులలో కారు ఉన్న వారందరికీ ఎప్పుడో ఒకప్పుడు అనుభవమే. షెడ్డుకు తీసుకుపోతే తరచు వినవచ్చే మాట ఒకటే - "డిస్కు వంగిందండీ, మార్చెయ్యాలి." పెన్షను మీద ఇల్లు నడుపుకునే వారికి అది చిన్న ఖర్చు కాదు. ఆ మాటలో నిజమెంతో తెలియాలంటే బ్రేకు చరిత్ర కొంత తిరగవేయక తప్పదు.

కారు బ్రేకుల కథలో 1902వ సంవత్సరం ముఖ్యమైనది. ఫ్రాన్సులో లూయీ రెనో డ్రమ్ము బ్రేకును తీర్చిదిద్దినదీ, ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్కు బ్రేకుకు పేటెంటు పొందినదీ ఆ సంవత్సరమే. లాంచెస్టర్ ఆలోచన గొప్పదే గాని, ఇనుప పళ్ళేన్ని రాగితో ఒత్తితే పుట్టిన కీచుమోత భరించరానిదైంది. దానికి విరుగుడు హెర్బర్ట్ ఫ్రూడ్ అనే మరో ఆంగ్లేయుని వలన వచ్చింది. డెర్బీషైర్ కొండలు దిగే గుర్రపు బండ్లవాళ్ళు బ్రేకు దిమ్మెలకు పాత బూట్ల తోలు తొడగడం చూసి, రాపిడికి ప్రత్యేకమైన లైనింగు తయారు చేయవచ్చని ఆయనకు తోచిందట. ఫెరోడో కంపెనీ ఆయన స్థాపించినదే. తరువాత ఆ లైనింగులలోకి ఆస్బెస్టాస్ వచ్చింది. అది బ్రేకును కాపాడింది గాని, ఆ ధూళి ఎందరి ఊపిరితిత్తులనో తినివేసింది. 1999లో బ్రిటన్ ఆస్బెస్టాస్‌ను నిషేధించింది. డ్రమ్ము విప్పగానే నోటితో దుమ్ము ఊదే షెడ్డు కుర్రవాళ్ళను చూసినప్పుడల్లా నాకు ఈ సంగతే గుర్తుకు వస్తుంది. మీ ఎదుట ఎవరైనా అలా చేస్తుంటే వారించండి.

మొదటి యాభై సంవత్సరాలూ డ్రమ్ముదే రాజ్యం. 1921లో అమెరికాలో డ్యూసెన్‌బర్గ్ కారుకు నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ బ్రేకులు అమర్చారు. మన ప్రభుత్వ కార్యాలయాలను దశాబ్దాల పాటు ఏలిన అంబాసిడర్ కూడా ఆ హైడ్రాలిక్ డ్రమ్ముల సంతానమే. బెంగాలులోని ఉత్తరపాడాలో 1957లో మొదలై 2014లో ఆగిపోయిన ఆ బండి లాగ్ బుక్కులు చూసిన గుమాస్తాలకు "డ్రమ్ము టర్నింగు" అన్న పద్దు కొత్త కాదు. డ్రమ్ము గుండ్రంగా ఉన్నంత కాలం పెడలు నెమ్మదిగా ఉంటుంది. రవ్వంత కోలగా సాగిందా, చక్రం తిరిగినప్పుడల్లా లోపలి షూలు ముందుకు వెనుకకు జరుగుతాయి. ఆ కదలిక బ్రేకు ఆయిలు ద్వారా పాదానికి చేరుతుంది. డ్రమ్ము బాగా వేడెక్కి ఉండగా హ్యాండ్ బ్రేకు బిగించి వదిలేసినా వెనుక డ్రమ్ము ఆకారం చెడవచ్చు. లేత్ మీద టర్నింగు పట్టిస్తే గుండ్రదనం తిరిగి వస్తుంది గాని, ప్రతిసారీ గోడ పలచబడుతుంది, పలచబడ్డది త్వరగా కాగుతుంది, కాగినది మళ్ళీ కోలబారుతుంది. అదే పద్దు మళ్ళీ మళ్ళీ ఎందుకు వచ్చేదో ఇప్పుడు తెలిసింది గదా!

1953లో లె మాన్ 24 గంటల పందెంలో డన్‌లప్ డిస్కు బ్రేకులున్న జాగ్వార్ గెలిచింది. 1955లో ఫ్రెంచి సిట్రోయెన్ డి.ఎస్. కారుకు ముందు చక్రాలకు డిస్కులు వచ్చాయి. లాంచెస్టర్ ఊహ ఫలించడానికి అర్ధశతాబ్దం పట్టిందన్నమాట.

ఇక అసలు విషయం. డిస్కు నిజంగా వంగడం అరుదు. సాధారణంగా జరిగేది దాని మందం ఒకచోట ఒకలాగా, మరొకచోట మరొకలాగా అరగడం. మిల్లీమీటరులో యాభయ్యో వంతు తేడా ఉన్నా పాదానికి తెలిసిపోతుంది! దీనికి మూలం చాలాసార్లు డిస్కు కూర్చునే హబ్బు మీద పట్టిన తుప్పు, లేదా గాలి గన్నుతో ఒక నట్టు ఎక్కువగా, ఒక నట్టు తక్కువగా బిగించడం. డిస్కు రవ్వంత వాలుగా కూర్చుని, బ్రేకు తొక్కని సమయంలో సైతం ఒక్కచోటే ప్యాడుకు రాచుకుంటూ, కొన్ని వేల కిలోమీటర్లు తిరిగాక జబ్బు బయటపడుతుంది. హబ్బు శుభ్రం చేయకుండా కొత్త డిస్కు వేస్తే అదీ అదే దారి పడుతుంది. నెలల తరబడి ఇంటి ముందు నిలిపి ఉంచే మనబోటి వారి కార్లలో డిస్కు మీద ప్యాడు ఉన్నచోటు ఒకలాగా, తక్కిన చోటు ఒకలాగా తుప్పు పట్టడం మరొక కారణం.

కాబట్టి ముందు కొలిపించండి. డిస్కు చుట్టూ ఎనిమిది చోట్ల మైక్రోమీటరుతో మందం, డయల్ గేజితో వాలు చూడడం పెద్ద పని కాదు. స్టీరింగు వణికితే తరచు ముందు చక్రాలు, సీటు కదిలితే వెనుక చక్రాలు అనుమానించాలి. వాలు మాత్రమే ఉంటే హబ్బు గీకించి, డిస్కును ఒక రంధ్రం పక్కకు తిప్పి బిగిస్తే తగ్గవచ్చు. మందంలో తేడా ఉండి, డిస్కు మీద అచ్చుగుద్దిన కనిష్ఠ మందం కంటే ఇంకా తగినంత మిగిలి ఉంటే టర్నింగు, లేకుంటే మార్పు. మార్చవలసి వస్తే ఒక ఇరుసుకు రెండూ మార్చాలి. నట్లు ఎదురెదురుగా, టార్కు రెంచితో, కంపెనీ పుస్తకంలో ఉన్నంతే బిగించాలి.

తిరుమల నుంచి దిగే పాత ఘాట్ రోడ్డు 1944 నాటిది. అక్కడ మూడో గేరులో వేసి బ్రేకు మీద కాలు ఆనించి దిగేవారు చాలామంది. బాగా కాగిన డిస్కును కింద చెక్‌పోస్టు దగ్గర గట్టిగా పట్టి నిలిపితే ప్యాడు పదార్థం ఆ చోట అంటుకుని, మరునాటి నుంచి వణుకు మొదలవుతుంది. రెండో గేరులో దిగితే ఇంజనే సగం బరువు మోస్తుంది.

అన్ని కొట్టుకోవడాలూ రోగం కాదు. 1978లో బాష్ కంపెనీ తయారు చేయగా మెర్సిడెస్ కార్లలో వచ్చిన ఎ.బి.ఎస్. ఇప్పుడు మన కొత్త కార్లన్నిటిలో ఉంది. తడిరోడ్డు మీద హఠాత్తుగా తొక్కినప్పుడు అది చక్రం బిగుసుకుపోకుండా సెకనుకు పలుమార్లు ఒత్తిడి వదిలి పట్టుకుంటుంది, పెడలు గడగడలాడుతుంది. అంబాసిడర్ మీద బండి నేర్చిన మన వయసు వారు బ్రేకు చెడిందేమోనని బెదిరి సరిగ్గా అప్పుడే కాలు తీసేస్తారు. ఆ గడగడ వినిపించినా కాలు తీయకుండా, బండి ఆగేదాకా గట్టిగా తొక్కిపట్టి ఉంచాలి.