ముసవ్వర్ జంగ్: ఫౌజునూ ఖాందాన్‌నూ తీసిన కెమెరా

ఆసఫ్ జాహీ దర్బారులో ‘జంగ్’ అనే ఖితాబ్ అమీర్లకూ ఉమరాలకూ వచ్చేది. జంగ్ అంటే యుద్ధం. 1894లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆ ఖితాబ్‌ను ఒక ఫొటోగ్రాఫర్‌కు ఇచ్చాడు. రాజా బహదూర్ ముసవ్వర్ జంగ్! ముసవ్వర్ అంటే తస్వీర్ గీసేవాడు, తీసేవాడు. ఆయన అసలు పేరు లాలా దీన్ దయాళ్. కత్తి పట్టలేదు, తుపాకీ పేల్చలేదు. అయినా ఆయన జిందగీలో సగం ఫౌజుల మధ్యే గడిచింది.

1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో ఒక జైన ఖాందాన్‌లో పుట్టాడు. రూర్కీలోని థామసన్ కాలేజీలో ఇంజనీరింగ్ చదివి ఇందోర్‌లో సర్కారీ నౌకరీలో చేరాడు. లెక్కలు వేయడం, నక్షాలు గీయడం ఆయన పని. 1874 ప్రాంతంలో షౌక్ కొద్దీ కెమెరా పట్టాడు. ఆ షౌకే చివరికి నౌకరీని వదిలించింది. వైస్రాయ్ లార్డ్ డఫరిన్ 1885లో ఆయన్ని తన ఫొటోగ్రాఫర్‌గా నియమించాడు. 1886లో ఢిల్లీ ప్రాంతంలో జరిగిన సైనిక విన్యాసాలను ఆయన కెమెరాలో బంధించాడు.

ఆ రోజుల్లో ఫొటో అంటే జేబులోంచి ఫోన్ తీసి నొక్కినంత తేలిక కాదు. పెద్ద చెక్క కెమెరా, దానికి మూడు కాళ్ల స్టాండు, గాజు పలకల పెట్టెలు. పలక పగిలిందంటే మేహనత్ అంతా మట్టిపాలే. గుర్రాలు, ఫిరంగులు, వరుసల్లో నిలబడ్డ సిపాయిలు కదలకుండా ఉండాలి. మైదానంలో దుమ్ము లేస్తుంటే ఈ సరంజామా అంతా మోసుకుపోయి తస్వీర్ తీయడం ఎంత కష్టమో మీరే ఆలోచించండి.

ఆయన స్టూడియో సికింద్రాబాద్‌లో ఉండేది. దేశంలోని పెద్ద ఛావనీల్లో అది ఒకటి. వర్దీ వేసుకుని వచ్చే అఫ్సర్లకు అక్కడ కొదవ లేదు. ఇటు నిజాం ఫౌజులు, దర్బార్లు, షికార్లు, మహళ్లు అన్నీ ఆయన కెమెరా ముందుకు వచ్చాయి. ఇవాళ మనం మహబూబ్ అలీ పాషాను పులి షికారు తస్వీరులో చూస్తున్నామంటే అది ఆయన చలవే.

ఈ ఫౌజీ తస్వీర్ల కంటే నా దిల్‌కు దగ్గరైంది మరొకటి ఉంది. 1892లో ఆయన హైదరాబాద్‌లో జనానా స్టూడియో తెరిచాడు. చుట్టూ ఎత్తయిన గోడలు. లోపలికి మగవాళ్ల నజర్ పడదు. కెమెరా పట్టింది కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు మహిళ, సాయం చేసేవాళ్లూ ఆడవాళ్లే. పర్దా పాటించే బేగంలు బేఫికర్‌గా వచ్చి తస్వీర్ దిగేందుకే ఈ ఏర్పాటు. ‘మీ పర్దా తీసేయండి’ అని ఆయన అనలేదు. పర్దా ఉన్నచోటికే కెమెరాను పంపాడు. ఒకరి తెహజీబ్‌కు ఇజ్జత్ ఇవ్వడమంటే ఇదే కదా! కాకపోతే ఆ స్థోమత పెద్ద ఖాందాన్లకే ఉండేది. మా దాదీమా లాంటి సాదాసీదా ఔరతుల దాకా ఆ కెమెరా రాలేదు. మా ఇంట్లో ఆమె తస్వీర్ ఒక్కటీ లేదు. ఆమె ముఖం ఎలా ఉండేదని పిల్లలు అడిగితే మా ఫూఫీ ముక్కు చూపిస్తాం.

దీన్ దయాళ్‌కు పనీ ఖాందానూ వేరు కావు. కొడుకులు జ్ఞాన్ చంద్, ధరమ్ చంద్ ఇద్దరికీ ఈ హునర్ నేర్పాడు. కంపెనీ పేరే ‘రాజా దీన్ దయాళ్ అండ్ సన్స్’. 1896లో బొంబాయిలోనూ స్టూడియో పెట్టారు. 1904లో ధరమ్ చంద్ చనిపోయాడు. మరుసటి ఏడాది జూలైలో తండ్రీ కన్నుమూశాడు. జ్ఞాన్ చంద్ ఆ పనిని కొనసాగించాడు. తర్వాతి తరాలు ఆ గాజు పలకల్ని కాపాడుకుంటూ వచ్చాయి. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 2,857 పలకల్ని తీసుకుంది. పగిలిపోయే గాజు దాదాపు వందేళ్లు నిలిచిందంటే, దాని వెనుక ఒక ఖాందాన్ సబర్ ఉంది.

ఇదంతా జహీరాబాద్ వాళ్లకు ఎందుకంటారా? 1956 దాకా మనది బీదర్ జిల్లా. 1948 సెప్టెంబర్ 16న షోలాపూర్ సడక్ మీదుగా వచ్చిన భారత సైన్యం మన జహీరాబాద్ దాటి హైదరాబాద్ వైపు సాగింది. మర్నాడు నిజాం లొంగిపోయాడు. 18న సికింద్రాబాద్‌లో జనరల్ ఎల్ ఎద్రూస్, జనరల్ చౌధురి ఎదురుగా నిలబడ్డ తస్వీర్ తారీఖులో మిగిలింది. ఆ రోజుల్లో బీదర్ జిల్లాలో జాన్ అరచేతిలో పెట్టుకుని ఊళ్లు వదిలిన ఖాందాన్ల తస్వీర్లు మాత్రం మన దగ్గర లేవు. వాళ్ల సంగతులు నానీమాల నోట విన్నవే. ఫౌజు నడిచిన దారికి తస్వీర్లు ఉంటాయి. ఇళ్లు వదిలిన వాళ్ల దారికి యాదే గవాహీ.

దీన్ దయాళ్ తస్వీర్ల కింద నంబరు, అందులో ఏముందో రెండు మాటలు, తన పేరు కనిపిస్తాయి. అందుకే ఇన్నేళ్ల తర్వాత కూడా ఏది ఏ మహలో, ఏ ఫౌజో చెప్పుకోగలుగుతున్నాం. మన ఇళ్లలో ట్రంకుపెట్టె అడుగున నికాహ్ ఫొటోలు, హజ్‌కు పోయేటప్పుడు తీసిన పాస్‌పోర్టు ఫొటోలు, మిలిటరీలో పనిచేసిన మామూజాన్ వర్దీ ఫొటో ఉంటాయి. వాటి వెనుక పేర్లు ఉండవు. ఆ ముఖాలను గుర్తుపట్టే బుజుర్గులు ఇంట్లో ఉన్నప్పుడే, ఈ జుమ్మా నమాజు తర్వాత ఓ గంట వాళ్ల పక్కన కూర్చోండి. ఎవరు, ఎవరి కొడుకు, ఏ ఊరు, ఏ సాల్ అని అడిగి, పెన్సిల్‌తో మెల్లగా వెనుక రాయండి. పెన్నుతో రాస్తే సిరా ముందువైపుకు దిగుతుంది.