రైలు టిక్కెట్ల పాతయంత్రము

చెన్నపట్టణమునుండి గూడూరునకు పోవు రైలుదారిలో, సూళ్లూరుపేటకును నాయుడుపేటకును నడుమ దొరవారిసత్రమను చిన్న స్టేషను కలదు. నేలపట్టు చెఱువునకు వచ్చు గూడబాతులను చూడగోరువారు దీని నెఱుగుదురు. తక్కినవారికి ఇది కిటికీలోనుండి కనబడి మఱుగగు పేరుపలక. ఆ పేరులోనే పూర్వకాలపు ప్రయాణచరిత్ర కొంత యిమిడియున్నది. చీకటిపడువేళ సత్రమునకు వచ్చిన బాటసారి మొదట అడుగు మాట "చోటున్నదా?" అని. బదులు చెప్పుట సత్రపుమనిషి యిష్టము. రైళ్లు వచ్చిన పిమ్మటగూడ ప్రశ్న మాఱలేదు. బదులు చెప్పువాడు మాత్రము కిటికీవెనుక చేరెను. మన కాలమున ఆ బదులు చెప్పునది గణనయంత్రము. అది ముదుసలి యయ్యెననియు, మార్చవలెననియు రైల్వేవారే 2025లో ప్రకటించిరి గనుక దాని కథను చదువరులకు కొంత తెలుపదలచితిని.

1985కు పూర్వము దూరప్రయాణమునకు పడక కావలసినవాడు ఆ బండికి ఏర్పఱచిన కిటికీయొద్దనే నిలువవలెను. బండి కొక పుస్తకము, పుస్తకమున కొక గుమాస్తా. అందులో ఖాళీ యున్నదో లేదో బయటివాడు చూడజాలడు. గుమాస్తా లేదన్నచో లేదు. గుమాస్తాలందఱును లంచగొండులని నే ననను. వేసవిసెలవులలో తెల్లవాఱకమున్నే వచ్చి నిలిచిన జనమును చూచి జాలిపడిన సత్పురుషులును వారిలో నుండిరి. కాని యొక్కని చేతనుండి యితరులు చదువజాలని పుస్తకము చేతివాటమునకు తావిచ్చుట వింతకాదు. ఇట్టి మూతపుస్తకములు మన సంఘములో రైలుకచేరియందు మాత్రమే యుండెనని చెప్పుటకు వీలులేదు.

ఈ పుస్తకములను యంత్రమున కెక్కించినది కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్ అను ప్రభుత్వసంస్థ. దానిని సి.ఎం.సి. యందురు. దాని పేరులోనే మరమ్మతు కలదు. ఐ.బి.ఎం. కంపెనీ ప్రభుత్వముతో పొసగక 1978లో మనదేశమును విడిచిపోగా, అది అమర్చిన యంత్రములు కచేరీలలోను కర్మాగారములలోను దిక్కులేక మిగిలెను. వానిని విప్పి, తుడిచి, విడిభాగములు సమకూర్చి నడిపించు భారము ఈ సంస్థమీద పడెను. ఒరులు విడిచిపోయిన యంత్రములను సాకుచు చేయితిరిగిన ఆ యింజనీర్లే 1985లో ఢిల్లీనగరమున టిక్కెట్ల యంత్రమును నిలిపిరి. అది అమెరికాలోని డిజిటల్ కంపెనీవారి వాక్స్ యంత్రము. అప్పటినుండి ఏ కిటికీయొద్ద నిలిచినను ఏ బండికైనను టిక్కెట్టు దొరకసాగెను. వరుసలో ముందు నిలిచినవానికే ముందు చోటు. చిన్నమాటగా తోచును గాని, ఎన్నో ఉపన్యాసములు సాధింపలేని సంస్కారమును ఆ పెట్టె నిశ్శబ్దముగా సాధించెను.

తరువాత బొంబాయి, కలకత్తా, చెన్నపట్టణము, సికిందరాబాదులందును ఇట్టి కేంద్రము లేర్పడెను. అయినను ఒక కేంద్రపు చిట్టా మఱియొకదానికి తెలియదు. వీనిని కలుపుటకై రైల్వేవారి క్రిస్ సంస్థ 'కన్సర్ట్' అను ఆదేశమాలను రచించెను. అది 1994లో మొట్టమొదట నెలకొన్నది సికిందరాబాదులోనే. 1999 ఏప్రిలునాటికి ఐదు కేంద్రములును ఏకమయ్యెను.

ఆ ఆదేశమాల ఫోర్ట్రాన్, సి అను భాషలలో నున్నది. ఫోర్ట్రాన్ 1957లో పుట్టినది. యంత్రమును నడుపు వి.ఎం.ఎస్. వ్యవస్థ 1977నాటిది. డిజిటల్ కంపెనీ 1998లో కాంపాక్ చేతికిని, కాంపాక్ 2002లో హ్యూలెట్ ప్యాకర్డ్ చేతికిని పోయినవి. పిదప 2010లో రైల్వేవారు ఇటానియం యంత్రములకు మాఱగా, వాని గుండెకాయయగు ఇటానియమును పంపుట ఇంటెల్ కంపెనీ 2021లో మానివేసెను. ఇట్లు ఇనుము తరతరమునకు మాఱినది, అమ్మినవారు మాఱిరి, వ్రాతమాత్రము నిలిచినది. కావున పాతదియని మన మనునది పెట్టె కాదు, వ్రాత.

దొరవారిసత్రమునకు తూర్పున, పులికాటుసరస్సు కావల, శ్రీహరికోట కలదు. 1979 ఆగస్టు 10న అక్కడ మొదటి ఎస్.ఎల్.వి.-3 రాకెట్టును ఎగురవేయునప్పుడు, తుదినిమిషములలో గణనయంత్రము ఆగుమనెను. లోపము స్వల్పమని నిపుణులు చెప్పగా, ఆ కార్యమునకు సారథియగు అబ్దుల్ కలాము యంత్రపు మాటను త్రోసి ఎగురవేయించెను. రాకెట్టు బంగాళాఖాతమున పడెను. ఈ సంగతి ఆయనయే పిమ్మట పలుసభలలో చెప్పుకొనెను. 1980 జూలై 18న రెండవమాఱు జయము కలిగెను. రాకెట్టుశాలకు ఒక ప్రయోగమునకును వేఱొకదానికిని నడుమ వ్యవధి కలదు. యంత్రమును మార్చి పరీక్షించుకొనవచ్చును. రైలున కట్టి తీఱిక యేది? రాత్రి కొలదినిమిషములు తప్ప చిట్టా మూయుటకు వీలులేదు. ప్రజోపయోగపు యంత్రములు ముదుసళ్లగుటకు సోమరితన మొక్కటే కారణము కాదు. నడుచుచున్న బండికి చక్రము మార్చుట కష్టము.

పాతయంత్రములపై మమకారము గలవారు ఈనడుమ పెరిగినారు. హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. సంస్థ 1969లో రూపొందించిన టి.డి.సి.-12 వంటివాని బొమ్మలను చూచి వారు మురియుదురు. నాకును టిక్కెట్టు అచ్చగునప్పటి ఆ కీచుధ్వని యిష్టమే. కాని ఆ ధ్వనిని తలచుకొనువారు, దానికి ముందు కిటికీయొద్ద రాత్రియెల్ల కూర్చుండిన తల్లులనుగూడ తలచుకొనవలదా?

పాతది గనుక పాఱవేయుడనువారితోడను నా కంగీకారము లేదు. అఱువదేండ్లు దాటిన పురుషునకును, నలువదియైదేండ్లు నిండిన స్త్రీకిని, ఖాళీయున్నచో అడుగకయే క్రిందిపడక నిచ్చు నియమ మొకటి యున్నది. పడక దొరకని యిద్దఱిని ఒక్క ప్రక్కపడకపై కూర్చుండబెట్టి పంపు నియమ మొకటి, స్త్రీలకై వేఱుగ నుంచిన చోట్ల నియమ మొకటి. ఒక్కొక్కటియు ఒకప్పటి ప్రయాణికుల యిక్కట్టునకు బదులు. క్రొత్తయంత్రము కట్టువారు వీని నన్నిటిని చదివి, అర్థము చేసికొని, మఱల వ్రాయవలెను. ఒకటి జాఱినచో అది యే వృద్ధురాలికో రాత్రివేళ పైపడక యగును.

నిమిషమునకు 32 వేల టిక్కెట్లిచ్చు యంత్రమునకు మాఱుగా లక్షన్నర యిచ్చుదానిని తెత్తుమని 2025లో వారు చెప్పిరి. వేగము మంచిదే. కాని అదే యేడు జూలైనుండి తత్కాల్ టిక్కెట్లను ఇంటర్నెట్టులో కొనువారికి ఆధార్ రుజువు విధింపవలసి వచ్చెను. దళారుల మాయోపాయములు మనుష్యుని వ్రేళ్లకంటె వేగముగ చోట్లను కాజేయుటయే కారణము. నాటి గుమాస్తా చేతివాటము ఈ రూపమున తిరిగివచ్చినది, వరుస మఱల వంకరపోయినది. దీనికి పాతయంత్రపు ముసలితనము కారణము కాదు. క్రొత్తదాని నియమములను ఎల్లరును చదువదగిన మాటలలో, మన భాషలోగూడ, ప్రకటింపుమని ఇప్పుడే యడుగుట మేలు. యంత్రము నెలకొన్న పిమ్మట అడుగువానికి కిటికీవెనుకనుండి వచ్చు బదులు మనకు తెలిసినదే.

సి.ఎం.సి. 2001లో టాటాల వశమై, 2015లో టి.సి.ఎస్.లో కలిసిపోయినది. దొరవారిసత్రమున ఆగు ప్యాసింజరు బండ్లకు మాత్రము పడకలును లేవు, చిట్టాయు లేదు. టిక్కెట్టు కొని, చోటున్నచో కూర్చుండుట, లేనిచో సూళ్లూరుపేటవఱకు నిలుచుండుట.