గట్టెక్కించేది ఎవరిని? మునిగిన బ్యాంకులు, మారిన న్యాయాలు

ఆర్కే లక్ష్మణ్ గీసిన సామాన్యుడు అర్ధశతాబ్దం పాటు అన్నింటినీ చూశాడు, దేని గురించీ నోరు విప్పలేదు. ఇప్పుడు ఆ బొమ్మల పని పత్రికల మొదటి పేజీ నుంచి ఫోన్ తెరకు మారింది. ఏ బ్యాంకు కుప్పకూలినా, ప్రభుత్వం ఏ ప్యాకేజీ ప్రకటించినా, గంట తిరగకముందే నాలుగు గళ్ల బొమ్మల కథ ఒకటి మన చేతికి అందుతుంది. మునుగుతున్న కోటీశ్వరుడికి పడవ పంపిస్తారు, ఈత రాని పేదవాడికి పొదుపు మీద ఉపన్యాసం ఇస్తారు. నవ్వొస్తుంది, అందులో నిజమూ ఉంది. అయితే మన దేశ చరిత్రను కాస్త వెనక్కి తిరగేస్తే ఆ బొమ్మ చెప్పేది సగం నిజమేనని తెలుస్తుంది. ప్రభుత్వం చిన్నవాళ్లను కాపాడిన సందర్భాలున్నాయి, పెద్దవాళ్లను వదిలేసిన సందర్భాలూ ఉన్నాయి. లేనిదల్లా, ఎవరిని ఎప్పుడు ఎంతవరకు కాపాడాలో ముందే రాసిపెట్టుకున్న నియమం.

మొదట్లో కాపాడడమన్న ఆలోచనే లేదు. 1906 అక్టోబర్‌లో మద్రాసులోని అర్బత్‌నాట్ అండ్ కంపెనీ దివాలా తీసింది. ఉద్యోగ విరమణ చేసినవారు, వ్యాపారులు, భూస్వాములు తమ సొమ్మును నమ్మకంగా దాచుకున్న సంస్థ అది. దాని అధిపతి సర్ జార్జ్ అర్బత్‌నాట్‌కు కోర్టు జైలు శిక్ష వేసింది గానీ, ఖజానా తలుపు తెరుచుకోలేదు. సమాధానం సమాజం నుంచి వచ్చింది. వి. కృష్ణస్వామి అయ్యర్ వంటివారి చొరవతో 1907లో ఇండియన్ బ్యాంక్ పుట్టింది. మన సొమ్ము మన సంస్థల్లోనే ఉండాలన్న ఆ స్వదేశీ భావనే 1923లో బందరులో భోగరాజు పట్టాభి సీతారామయ్య చేత ఆంధ్రా బ్యాంకును స్థాపింపజేసింది.

స్వతంత్ర భారతానికి అసలు పాఠం కేరళ నేర్పింది. 1960 ఆగస్టులో రిజర్వ్ బ్యాంక్ హైకోర్టును ఆశ్రయించి పాలై సెంట్రల్ బ్యాంకును మూసివేయించింది. రాష్ట్రమంతటా డిపాజిటర్లు గగ్గోలు పెట్టారు, పార్లమెంటులో దుమారం రేగింది. ఫలితంగా రెండు వ్యవస్థలు వచ్చాయి. బలహీనమైన బ్యాంకు లావాదేవీలపై మారటోరియం విధించి, దాన్ని మరో బ్యాంకులో తప్పనిసరిగా విలీనం చేసే అధికారం అదే ఏడాది చట్టంలో చేరింది. 1962 జనవరి 1న డిపాజిట్ బీమా సంస్థ ఏర్పడింది. నాటి బీమా పరిమితి ఒక్కో డిపాజిటరుకు రూ. 1,500. అది మెల్లగా పెరిగి 1993లో లక్ష రూపాయలకు చేరి, అక్కడే 27 ఏళ్లు ఆగిపోయింది.

2001వ సంవత్సరం నాటికి నేను జర్నలిజం విద్యార్థిని. హైదరాబాద్‌లో మూతబడిన ఒక సహకార బ్యాంకు ముందు క్యూలో నిలబడ్డ రిటైర్డ్ ఉపాధ్యాయుడొకరు నాకు ఇప్పటికీ గుర్తున్నారు. చేతిసంచిలో రెండు కాగితాలున్నాయి. ఒకటి ఆ బ్యాంకు డిపాజిట్ రసీదు, రెండోది యూనిట్ ట్రస్ట్ వారి యూఎస్-64 సర్టిఫికెట్. "రెండూ సర్కారువే అనుకున్నాను బాబూ" అన్నారాయన. ఆ ఒక్క మాటలో మన ఆర్థిక చరిత్రంతా ఉందని గ్రహించడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

యూఎస్-64 కథ చూద్దాం. 1964లో మొదలైన ఈ పథకం యూనిట్ల ధరను మార్కెట్ విలువతో నిమిత్తం లేకుండా యాజమాన్యమే నిర్ణయించేది. అందుకే మధ్యతరగతి దాన్ని బ్యాంకు డిపాజిట్ లాగే చూసింది. ఆడపిల్ల పెళ్లికి, ఇంటికి, వృద్ధాప్యానికి కోట్ల మంది అందులోనే దాచుకున్నారు. 1998లో నిల్వలు హరించుకుపోయాయన్న సంగతి బయటపడింది. మరుసటి ఏడాది, పథకం చేతిలోని ప్రభుత్వ రంగ షేర్లను కేంద్రమే తీసుకుని ఒకసారి గట్టెక్కించింది. రోగం మాత్రం కుదరలేదు. 2001 జులై 2న యూనిట్ల కొనుగోలు, అమ్మకాలను నిలిపివేశారు. అంతకుముందు కొద్ది వారాల్లోనే పెద్ద కంపెనీలు భారీగా యూనిట్లు వెనక్కిచ్చి సొమ్ము తీసుకుని తప్పుకున్నాయి. చిన్న మదుపరులకు ఆ కబురే అందలేదు. యూటీఐ ఛైర్మన్ రాజీనామా చేశారు, తర్వాత అరెస్టయ్యారు. సంయుక్త పార్లమెంటరీ సంఘం విచారించింది.

2002లో కేంద్రం రూ. 14,500 కోట్లకు పైగా ప్యాకేజీ ప్రకటించి, యూటీఐని రెండుగా చీల్చింది. 5,000 యూనిట్ల వరకు యూనిట్‌కు రూ. 12, ఆ పైన ఉన్నవాటికి రూ. 10 చొప్పున చెల్లిస్తామని హామీ ఇచ్చింది. పన్ను చెల్లింపుదారుడి సొమ్ము బూడిదలో పోసిన పన్నీరని నాడు ఎందరో విమర్శించారు. ఆ విమర్శకులు ఊహించనిది తర్వాత జరిగింది. చీలికలో ప్రభుత్వానికి దక్కిన యాక్సిస్ బ్యాంక్, ఐటీసీ, ఎల్ అండ్ టీ షేర్ల విలువ ఎన్నో రెట్లు పెరిగింది. 2014లో యాక్సిస్‌లో 9 శాతం వాటా అమ్మితే రూ. 5,500 కోట్లకు పైగా, 2017లో ఐటీసీలో 2 శాతం వాటా అమ్మితే రూ. 6,600 కోట్లకు పైగా ఖజానాకు చేరాయి. సాయం చేసే వేళ ఆస్తిని తన చేతిలో ఉంచుకుంటే, ఓపిక పట్టిన ప్రభుత్వం నష్టపోనక్కర్లేదని ఈ ఉదంతం చెబుతుంది.

మాస్టారి రెండో కాగితానికి ఆ భాగ్యం లేదు. సహకార బ్యాంకు డిపాజిటరుకు మిగిలింది లక్ష రూపాయల బీమా, అదీ ఏళ్ల తరబడి తిరిగాక. ఒకే మనిషి, ఒకే ఏడాది, ఒకే సంచి. ఒక కాగితం వెనుక కోట్ల ఓటర్లు, ఢిల్లీ ఉన్నాయి. రెండో దాని వెనుక ఒక పట్టణంలోని కొన్ని వీధులున్నాయి.

మూడేళ్ల తర్వాత మన నగరానికే చెందిన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంక్ వంతు వచ్చింది. 1994లో ఆర్భాటంగా మొదలైన ఆ ప్రైవేటు బ్యాంకు, షేర్ మార్కెట్‌తో ముడిపడిన రుణాల్లో ఇరుక్కుంది. 2004 జులై 24న మారటోరియం విధించారు. ఆగస్టు 14కల్లా ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిపేశారు. డిపాజిటర్లకు పైసా పోలేదు, షేర్‌హోల్డర్లకు పైసా దక్కలేదు. నా దృష్టిలో న్యాయానికి అత్యంత దగ్గరగా వచ్చిన పరిష్కారం అదే. లాభం కోసం సాహసించినవాడు నష్టాన్నీ మోయాలి, భద్రత కోసం దాచుకున్నవాడు నష్టపోకూడదు.

ఖజానా తెరవకుండానే కాపాడవచ్చని సత్యం కంప్యూటర్స్ చూపించింది. 2009 జనవరి 7న లెక్కల మోసం బయటపడింది. రెండు రోజుల్లో కేంద్రం పాత బోర్డును తొలగించి, తాను ఎంపిక చేసినవారిని కూర్చోబెట్టింది. ఏప్రిల్‌లో బహిరంగ వేలంలో టెక్ మహీంద్రా దాన్ని సొంతం చేసుకుంది. వేలాది ఉద్యోగాలు నిలిచాయి. ప్రభుత్వం ఇచ్చింది డబ్బు కాదు, నమ్మకం.

ఈ అనుభవాలన్నీ ఉండి కూడా పదేళ్ల తర్వాత మళ్లీ మొదటికే వచ్చాం. 2019 సెప్టెంబర్ 23న పంజాబ్ అండ్ మహారాష్ట్ర కో-ఆపరేటివ్ బ్యాంకుపై ఆంక్షలు పడ్డాయి. ఆరు నెలల కాలానికి ఒక్కో ఖాతాదారుడు తీసుకోగలిగింది వెయ్యి రూపాయలన్నారు. నిరసనల తర్వాతే ఆ పరిమితిని విడతలుగా పెంచారు. 2020 మార్చి 5న యెస్ బ్యాంకుపైనా మారటోరియం పడింది. అక్కడ పరిమితి రూ. 50,000. స్టేట్ బ్యాంక్ నాయకత్వంలో ఇతర బ్యాంకులు పెట్టుబడి పెట్టాయి, 13 రోజుల్లో ఆంక్షలు తొలగిపోయాయి. సహకార బ్యాంకు ఖాతాదారులకు మాత్రం 2022 జనవరిలో యూనిటీ స్మాల్ ఫైనాన్స్ బ్యాంకులో విలీనమయ్యే వరకు దారి దొరకలేదు. పెద్ద మొత్తాలు దాచుకున్నవారికి చెల్లింపు గడువును 10 ఏళ్ల దాకా సాగదీశారు.

యెస్ బ్యాంకు కూలితే ఇతర బ్యాంకులూ కదిలేవన్నది నిజమే. పెద్ద చెట్టు పడితే చుట్టుపక్కల చెట్లకూ దెబ్బ తగులుతుంది. ఆ వాదనను నేను కొట్టిపారేయను. కానీ వ్యవస్థను కాపాడాలన్న తర్కం 13 రోజులకూ 28 నెలలకూ మధ్య ఉన్న తేడాను సమర్థించలేదు. చిన్న బ్యాంకును కాపాడడానికి అయ్యే ఖర్చు తక్కువ. కొరవడింది సొమ్ము కాదు, తొందర.

నియమం రాసుకునే ప్రయత్నం జరగలేదని కాదు. 2017 ఆగస్టులో కేంద్రం ఎఫ్‌ఆర్‌డీఐ బిల్లును లోక్‌సభలో ప్రవేశపెట్టింది. అందులోని 'బెయిల్-ఇన్' నిబంధన ప్రకారం, కూలుతున్న బ్యాంకును నిలబెట్టే భారంలో కొంత దానికి అప్పిచ్చినవారిపై పడుతుంది. బీమా పరిమితి దాటిన డిపాజిటరు కూడా ఆ లెక్కలోకి వస్తాడన్న భయం దేశమంతా పాకింది. 2018 ఏప్రిల్‌లో తెలుగు రాష్ట్రాల్లో ఏటీఎంలు ఖాళీ కావడానికి ఆ భయం కూడా ఒక కారణమని అప్పట్లో చర్చ జరిగింది. అదే ఏడాది ఆగస్టులో బిల్లును ఉపసంహరించుకున్నారు. చెడ్డ నిబంధనతో పాటు నియమం ఉండాలన్న మంచి ఆలోచన కూడా అటకెక్కింది.

అయినా కొంత మారింది. 2020 ఫిబ్రవరిలో బీమా పరిమితి రూ. 5 లక్షలైంది. 2021లో చేసిన సవరణతో, బ్యాంకుపై ఆంక్షలు పడిన 90 రోజుల్లోగా బీమా సొమ్ము చెల్లించాలి. ఈ రెండూ ప్యాకేజీల ఘనతలు కావు, రోడ్డెక్కిన ఖాతాదారులు సాధించుకున్నవి. లక్ష్మణ్ సామాన్యుడు మాట్లాడలేదు, వీళ్లు మాట్లాడారు.

ఇక మిగిలింది పార్లమెంటు పని. బ్యాంకు ఏదైనా, దాని వెనుక ఎవరున్నా, వాటాదారు ముందు నష్టపోయి డిపాజిటరు చివర నష్టపోయే వరుసను చట్టంలో రాయాలి. సాయం చేసే ప్రతి రూపాయికీ ప్రభుత్వం ఆస్తి రాయించుకోవాలి. అప్పుడు నాటి మాస్టారి లాంటి మనిషి సంచిలోని రెండు కాగితాలకూ ఒకే న్యాయం దక్కుతుంది. అది జరగనంత కాలం, సంక్షోభం వచ్చిన ప్రతిసారీ మనం అడగాల్సింది ఎంత ఇస్తున్నారని మాత్రమే కాదు, ఈసారి ఎవరిని క్యూలో వదిలేశారని కూడా.