పాత పూల్ కర్ర

పూల్ ఆటలో బంతిని కొట్టే కర్రను క్యూ అంటారు. పొడవు సుమారు 58 అంగుళాలు, బరువు 18 నుంచి 21 ఔన్సులు. సన్నటి ముందు భాగం షాఫ్ట్, ఎక్కువగా మేపుల్ చెక్క. లావుగా ఉండే వెనక భాగం బట్. రెండింటినీ మర తిప్పి బిగిస్తారు.

పాతది కొనేటప్పుడు ముందు కొన చూడాలి. అక్కడి తోలు బిళ్ల, అంటే టిప్, 13 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది; 9-10 మాత్రమే ఉంటే అది చాలావరకు స్నూకర్ కర్రే. తోలు నున్నగా మెరుస్తుంటే సుద్ద నిలవదు, దెబ్బ జారుతుంది. గరుకు కాగితంతో గుండ్రంగా రుద్దాలి. దాని కింది తొడుగు పగిలితే ముందు అదే మార్చాలి.

వంకర తెలియాలంటే ఒక కన్ను మూసి పొడవునా చూడాలి. ఐ.పోలవరం లాంటి గోదావరి డెల్టా ఊళ్లలో గాలి తేమకు చెక్క ఉబ్బుతుంది. గోడకు ఏటవాలుగా ఆనిస్తే వంగుతుంది.

బరువు నచ్చకపోతే అడుగు రబ్బరు ఊడదీయాలి. చాలా కర్రల్లో లోపల బోల్టు ఉంటుంది. అలెన్ కీతో తీసి వేరే బరువుది బిగించవచ్చు.